వధలేని మాంసం: కండర మూలకణాల పెంపకంలో ఆయువు, ఆహారం - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

జంతువును వధించకుండా దాని కండర కణాలను ప్రయోగశాలలో పెంచి మాంసం తయారుచేసే యత్నానికి వందేళ్లకు మించిన నేపథ్యం ఉంది. 1931 నాటి చర్చిల్ ఊహతో మొదలై 2013 నాటి లండన్ బర్గర్‌తో ఫలించిన విజయగాథగా ఈ చరిత్రను చెప్పడం పరిపాటి. ఈ వ్యాసం అదే చరిత్రను రెండు శాస్త్రీయ ప్రశ్నల ఆధారంగా పరిశీలిస్తుంది. శరీరం వెలుపల కణం ఎంతకాలం విభజన చెందగలదు? అక్కడ అది ఏ ఆహారంతో పెరుగుతుంది? మొదటి ప్రశ్నకు దొరికిన తొలి సమాధానం అర్ధ శతాబ్దంపాటు శాస్త్రలోకాన్ని తప్పుదారి పట్టించింది. రెండవ ప్రశ్నకు దొరికిన సమాధానం వధశాల మీదనే ఆధారపడింది. కృత్రిమ మాంసం 'వధలేనిది' అన్న వాదన బలాబలాలను ఈ రెండు సమాధానాల చరిత్ర నుండే అంచనా వేయవలసి ఉంటుందని ప్రతిపాదించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: కండర మూలకణాలు, కణజాల వర్ధనం, సీరం, హేఫ్లిక్ పరిమితి, ఫైబ్రోబ్లాస్టులు, అహింసా మాంసం.

1. ఉపోద్ఘాతం:

మాంసాహారంలో అధికభాగం అస్థికండరమే. జంతువు కదలికకు కారణమైన ఈ కండరం సన్నని పొడవాటి పోగుల సముదాయం. ప్రతి పోగూ అనేక కేంద్రకాలు గల ఒకే కణం. పోగుగా రూపొందిన తర్వాత ఆ కణం ఇక విభజన చెందదు. కండరానికి గాయమైనప్పుడు కొత్త పోగులను నిర్మించే పని పోగుల అంచున నిద్రాణంగా ఉండే చిన్న కణాలది. వీటినే శాటిలైట్ కణాలు లేదా కండర మూలకణాలు అంటారు. గాయం తగిలినప్పుడు ఇవి మేల్కొని విభజన చెందుతాయి. అలా ఏర్పడిన మయోబ్లాస్టులు ఒకదానితో ఒకటి కలిసిపోయి బహుకేంద్రక నాళికలుగా, ఆపైన పోగులుగా మారతాయి. బతికి ఉన్న జంతువు నుండి చిన్న కండరఖండాన్ని సేకరించి, అందులోని మూలకణాలను వేరుచేసి, పోషక ద్రవంలో పెంచి, చివరకు పోగులుగా మలచడమే కృత్రిమ మాంసోత్పత్తికి మూలసూత్రం.

లెక్క ప్రకారం చూస్తే ఈ సూత్రం ఎంతో ఆశాజనకమైనది. ఒక కణం 40 పర్యాయాలు రెట్టింపయితే లక్ష కోట్లకు పైగా కణాలు ఏర్పడతాయి. ఒక్కొక్క కణం బరువు సుమారు ఒక నానోగ్రాము అనుకుంటే అది దాదాపు కిలోగ్రాము కణరాశి అవుతుంది. కాని ఈ లెక్కలో రెండు షరతులు దాగి ఉన్నాయి. కణం 40 పర్యాయాలు తన స్వభావం కోల్పోకుండా విభజన చెందాలి. అంత కణరాశికీ సరిపడే ఆహారం అందాలి. ఈ రెండు షరతులను శాస్త్రజ్ఞులు ఏ కాలంలో ఎలా అర్థం చేసుకున్నారన్నదే ఈ వ్యాసంలోని చర్చకు ఆధారం.

2. కోడిపిండపు హృదయఖండం, 'అమరత్వ' భావన (1907-1946):

కణాలను శరీరం వెలుపల పెంచే పద్ధతికి పునాది వేసినవారు అమెరికా శాస్త్రవేత్త రాస్ హారిసన్. 1907లో ఆయన కప్ప పిండం నుండి నాడీకణజాలపు ముక్కను తీసి, కప్ప శోషరసపు బిందువులో ఉంచి, దాని నుండి నాడీతంతువులు పెరగడాన్ని సూక్ష్మదర్శినిలో చూపగలిగారు. ఆ తొలి ప్రయోగంలోనే గమనించదగిన అంశం ఒకటి ఉంది. కణానికి ఆశ్రయం, ఆహారం రెండూ మరొక జీవి శరీరద్రవం నుండే లభించాయి.

న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో పనిచేస్తున్న అలెక్సిస్ కారెల్, మాంట్రోజ్ బరోస్ ఈ పద్ధతిని పక్షుల, క్షీరదాల కణాలకు విస్తరింపజేశారు. శోషరసం స్థానంలో ప్లాస్మా గడ్డ వచ్చింది. దానికి కోడిపిండాలను నూరి తీసిన రసాన్ని జోడిస్తే కణాల పెరుగుదల ఎంతో వేగవంతమవుతుందని కారెల్ కనుగొన్నారు. 1912 జనవరి 17న ఆయన కోడిపిండపు గుండె నుండి ఒక చిన్న ముక్కను తీసి వర్ధనం ప్రారంభించారు. అదే సంవత్సరం రక్తనాళాలను కుట్టే విధానానికి, అవయవ మార్పిడి పరిశోధనలకు ఆయనకు నోబెల్ బహుమతి లభించడంతో ఈ ప్రయోగానికి అసాధారణమైన ప్రచారం వచ్చింది. ఆ వర్ధనాన్ని ఆయన సహచరుడు ఆల్బర్ట్ ఎబెలింగ్ దశాబ్దాలపాటు కొనసాగించారు. 1944లో కారెల్ మరణించిన తర్వాత, 1946లో దానిని నిలిపివేశారు. కోడి సహజ ఆయుష్షును ఎన్నో రెట్లు మించి, 34 ఏళ్లపాటు ఆ కణాలు 'జీవించాయి'.

ఈ ప్రయోగం గురించి రెండు విషయాలను స్పష్టం చేసుకోవాలి. మొదటిది, ప్రజలు 'కొట్టుకుంటున్న కోడి గుండె'గా ఊహించుకున్నది నిజానికి గుండె కాదు. తొలిరోజులలో స్పందించిన హృదయకండర కణాలు క్రమంగా లుప్తమై, సంధాయక కణజాలానికి చెందిన ఫైబ్రోబ్లాస్టులు మాత్రమే మిగిలాయి. రెండవది, కణం తనంత తానుగా అమరమైనదని, మరణం దేహవ్యవస్థకే గాని కణానికి లేదని కారెల్ ఈ ప్రయోగం ఆధారంగా నిర్ధారించారు. జీవశాస్త్రం ఈ నిర్ధారణను దాదాపు అర్ధ శతాబ్దం ప్రశ్నించకుండా స్వీకరించింది.

కృత్రిమ మాంసం గురించిన రాజకీయ, సాహిత్య ఊహలు వెలువడింది ఈ వాతావరణంలోనే. బ్రిటిష్ రాజనీతిజ్ఞుడు బర్కెన్‌హెడ్ ప్రభువు 1930లో వెలువరించిన, 2030 నాటి ప్రపంచాన్ని ఊహించే గ్రంథంలో ఇటువంటి ఆహారాన్ని ప్రస్తావించారు. 1931లో విన్‌స్టన్ చర్చిల్ రానున్న యాభై ఏళ్ల గురించి రాసిన వ్యాసంలో, కోడిలో తినదగిన భాగాలను మాత్రమే తగిన పోషక ద్రవంలో విడిగా పెంచుకోగల కాలం వస్తుందని ఊహించారు. కణం అమరమైనదన్న విశ్వాసం శాస్త్రలోకంలో స్థిరపడి ఉన్న రోజులలో ఇది అసంభవమైన కల్పనగా కనిపించదు. ఆయన పెట్టిన గడువు 1981తో ముగిసింది. ఆ గడువులోగా అది ఎందుకు నెరవేరలేదో తెలుసుకోవడానికి 1961వ సంవత్సరాన్ని పరిశీలించవలసి ఉంటుంది.

3. 1961: పరస్పరం ఎరుగని రెండు ఆవిష్కరణలు:

ఒకే సంవత్సరంలో, వేర్వేరు సంస్థలలో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వెలువడిన రెండు పరిశోధనలు కృత్రిమ మాంసపు భవిష్యత్తును నిర్ణయించాయి.

మొదటిది కారెల్ పనిచేసిన రాక్‌ఫెల్లర్ సంస్థలోనే జరిగింది. అలెగ్జాండర్ మౌరో కప్ప కాలి కండరాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలిస్తున్నప్పుడు, కండరపు పోగు పొరకూ దానిని కప్పి ఉండే ఆధారత్వచానికీ నడుమ ఇరుక్కుని ఉన్న చిన్న కణాలను గుర్తించారు. పోగును అంటిపెట్టుకుని ఉండడం వల్ల వాటికి శాటిలైట్ కణాలని పేరు పెట్టారు. పిండదశ నుండి మిగిలిపోయిన ఈ కణాలు కండరం దెబ్బతిన్నప్పుడు దానిని తిరిగి నిర్మించడానికి సిద్ధంగా ఉన్నవేమో అన్న ఊహను కూడా ఆయన ముందుంచారు. ఆకారాన్ని, స్థానాన్ని మాత్రమే చూసి చేసిన ఆ ఊహ నిజమని తేలడానికి చాలాకాలం పట్టింది. 1971లో మాస్, లెబ్లాండ్ ఎలుకపిల్లలలో ఈ కణాల కేంద్రకాలే పోగులలోకి చేరుతున్నాయని చూపారు. 2000లో పాక్స్-7 అనే జన్యువు ఈ కణాలకు అత్యవసరమని తెలిసింది. 2005లో లండన్ పరిశోధకులు కేవలం ఏడు శాటిలైట్ కణాలు గల ఒకే పోగును మరొక ఎలుక కండరంలో నాటితే వందకు పైగా కొత్త పోగులు పుట్టగలవని నిరూపించారు.

రెండవది ఫిలడెల్ఫియాలోని విస్టార్ సంస్థలో జరిగింది. లెనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ మానవ పిండ ఫైబ్రోబ్లాస్టులను జాగ్రత్తగా పెంచి, అవి సుమారు 50 రెట్టింపుల తర్వాత విభజనను ఆపివేస్తాయని చూపారు. సాధారణ కణానికి ఆయుఃపరిమితి ఉందని దీనితో తేలింది. మరి కారెల్ కణాలు 34 ఏళ్లు ఎలా జీవించాయి? కారెల్ వర్ధనానికి ఆహారంగా వాడిన పిండరసంలో మిగిలిపోయిన సజీవ కణాలు ప్రతి విడతలోనూ అందులో చేరుతూ వచ్చి ఉండవచ్చని హేఫ్లిక్ సూచించారు. ఈ వివరణే నిజమైతే, అమరత్వంగా కనిపించింది నిరంతర భర్తీ మాత్రమే. కణాల ఆయువు గురించిన పొరపాటుకు మూలం కణాల ఆహారంలో ఉన్నదన్నమాట. ఈ వ్యాసం వేరువేరుగా చర్చిస్తున్న రెండు ప్రశ్నలూ మొదటినుండీ ఎంతగా పెనవేసుకుని ఉన్నాయో ఈ ఉదంతం తెలియజేస్తుంది.

ఈ విధంగా 1961వ సంవత్సరం మాంసాన్ని నిర్మించగల కణాన్ని చూపింది. అదే సంవత్సరం ఆ కణం అనంతంగా పెరగదన్న హెచ్చరికనూ ఇచ్చింది.

4. కణాహారం: ప్లాస్మా నుండి గర్భస్థ దూడ సీరం దాకా:

కణానికి కావలసిన పోషకాలను ఒక్కొక్కటిగా గుర్తించే పనికి పూనుకున్నవారిలో హ్యారీ ఈగిల్ ముఖ్యులు. 1955 నుండి 1959 వరకు సాగిన పరిశోధనలలో ఆయన అమైనో ఆమ్లాలు, విటమిన్లు, లవణాలు, గ్లూకోజు నిర్దిష్ట పరిమాణాలలో కలిసిన యానకాన్ని రూపొందించారు. ఈనాటికీ అది ప్రయోగశాలలలో వాడుకలో ఉంది. కాని అది సంపూర్ణాహారం కాలేదు. కొద్ది పరిమాణంలోనైనా రక్తపు సీరం చేర్చకపోతే కణాలు పెరగలేదు. 1958లో థియోడోర్ పక్ బృందం గర్భస్థ దూడ సీరాన్ని వినియోగించింది. విభజనను ప్రేరేపించే కారకాలు సమృద్ధిగా, ప్రతిదేహాలు అతి స్వల్పంగా ఉండడం వల్ల అది దాదాపు ప్రతి రకపు కణానికీ సరిపోయింది. కొద్దికాలంలోనే ప్రపంచమంతటా కణవర్ధనానికి ప్రామాణిక ఆహారంగా స్థిరపడింది.

ఈ సీరాన్ని సేకరించే విధానం ఇక్కడ ప్రస్తావించక తప్పదు. వధశాలకు వచ్చిన ఆవు చూలుతో ఉన్నట్లు తేలినప్పుడు, వధానంతరం గర్భం నుండి పిండాన్ని వెలికితీసి, దాని గుండెలోకి సూది గుచ్చి రక్తాన్ని తీస్తారు. ఆ రక్తం గడ్డకట్టిన తర్వాత వేరుపడే ద్రవమే సీరం. అంటే ఇది మాంస పరిశ్రమకు ఉపోత్పత్తి. పశువధ ఎంత జరిగితే సీరం అంత లభిస్తుంది. వైద్య పరిశోధనలో చిన్న పరిమాణాలలో వాడుతున్నంతకాలం ఈ సంబంధం పెద్దగా చర్చకు రాలేదు. అదే ద్రవంతో వధకు ప్రత్యామ్నాయాన్ని పెంచాలని తలపెట్టినప్పుడు మాత్రం అది మౌలికమైన వైరుధ్యంగా పరిణమించింది.

కండర కణాల విషయంలో ఈ కాలం ఎంతో ఫలవంతమైనది. 1963లో ఇర్విన్ కోనిగ్స్‌బర్గ్ ఒకే ఒక కోడిపిండ మయోబ్లాస్టు నుండి బహుకేంద్రక కండరం ఏర్పడడాన్ని పాత్రలో చూపారు. 1968లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో డేవిడ్ యాఫే ఎలుక కండరం నుండి నిరంతరం పెరిగే కణశ్రేణిని రూపొందించారు. ఎనభయ్యవ దశకం చివరికి అమెరికా పశువిజ్ఞాన పరిశోధకులు ఆవు, టర్కీ కోడి శాటిలైట్ కణాలను విడదీసి పెంచగలిగారు. వారి ఉద్దేశం కృత్రిమ మాంసం కాదు. పశువులలో మాంసం పెరిగే తీరును అర్థం చేసుకుని దిగుబడిని పెంచడం వారి లక్ష్యం. పశుపోషణ కోసం పుట్టిన ఈ జ్ఞానమే పశుపోషణకు ప్రత్యామ్నాయాన్ని వెతికేవారికి తర్వాత ఆధారమయింది.

5. ప్రయోగశాల నుండి పళ్లెం దాకా (1999-2013):

కండర కణాలను ఆహారంగా మార్చాలన్న ఆలోచనను పట్టుదలతో ముందుకు నడిపినవారు విల్లెమ్ వాన్ ఈలన్. 1923లో డచ్ ఈస్ట్ ఇండీస్‌లో జన్మించిన ఆయన రెండవ ప్రపంచయుద్ధ కాలంలో జపాన్ సైన్యపు నిర్బంధశిబిరంలో ఆకలిని, జంతువుల పట్ల క్రౌర్యాన్ని చూశారు. యుద్ధానంతరం ఆమ్‌స్టర్‌డామ్‌లో చదువుకుంటున్నప్పుడు కణజాల వర్ధనం గురించి తెలుసుకున్నారు. ఆయన, సహచరులు కోరిన అంతర్జాతీయ పేటెంటు 1999లో వెలువడింది. ఆకలికి సమాధానం, జంతుహింసకు ముగింపు అన్న రెండు ఆశయాలూ ఈ రంగంలో ఆదినుండీ కలిసే ఉన్నాయనడానికి ఆయన జీవితమే నిదర్శనం.

2002లో న్యూయార్క్‌లోని టూరో కళాశాలకు చెందిన మోరిస్ బెంజమిన్సన్ బృందం దీర్ఘకాల అంతరిక్షయాత్రికుల ఆహారం కోసం గోల్డ్‌ఫిష్ కండరఖండాలను పెంచిన వివరాలను ప్రచురించింది. ఈ పరిశోధనకు అమెరికా అంతరిక్ష సంస్థ నాసా నిధులిచ్చింది. వారు సీరంతో పాటు దానికి బదులుగా పుట్టగొడుగుల సారాన్ని కూడా ప్రయత్నించారు. మరుసటి ఏడు ఫ్రాన్స్‌లోని నాంత్ నగరంలో ఓరాన్ కాట్స్, అయోనాట్ జుర్ అనే కళాకారులు కప్ప కండర కణాలతో పెంచిన ముక్కలను ప్రదర్శనలో భాగంగా వండి వడ్డించారు. 'బలి లేని' ఆహారం అన్న మాటను వారు వ్యంగ్యంగానే వాడారు. కణాలను పోషించే సీరం కోసం బలి జరుగుతూనే ఉందని, అది వినియోగదారుని కంటికి దూరమయిందంతేనని వారి రచనలు ఎత్తిచూపాయి. శాస్త్రవేత్తలకంటే ముందుగా కళాకారులు ఈ వైరుధ్యాన్ని బహిరంగ చర్చకు తీసుకురావడం గమనార్హం.

2005లో ఎడెల్‌మన్, మెక్‌ఫార్లండ్, మిరోనోవ్, మథేనీ రాసిన పరిశోధనపత్రం ఈ రంగానికి శాస్త్రీయమైన రూపురేఖలిచ్చింది. వీరిలో డగ్లస్ మెక్‌ఫార్లండ్ టర్కీ కోడి శాటిలైట్ కణాల నిపుణులు. పశువిజ్ఞానం నుండి కృత్రిమ మాంసానికి జ్ఞానం ప్రవహించిన తీరు ఈ ఒక్క పేరులోనే కనిపిస్తుంది. అదే ఏడు నెదర్లాండ్స్ ప్రభుత్వం యూట్రెక్ట్, ఆమ్‌స్టర్‌డామ్, ఐండ్‌హోవెన్ విశ్వవిద్యాలయాల ఉమ్మడి పరిశోధనకు నిధులిచ్చింది. 2009 వరకు సాగిన ఆ పథకంలో పాల్గొన్న మార్క్ పోస్ట్ 2013 ఆగస్టు 5న లండన్‌లో తొలి కృత్రిమ గోమాంస బర్గర్‌ను ప్రదర్శించారు. ఆవు కండర మూలకణాల నుండి పెంచిన సుమారు 20,000 సన్నని పోగులను కలిపి దానిని చేశారు. రెండున్నర లక్షల యూరోల వ్యయాన్ని గూగుల్ సహవ్యవస్థాపకుడు సెర్గీ బ్రిన్ భరించారు.

ఈ ప్రదర్శన రెండు పరిమితులను కూడా బయటపెట్టింది. రక్తనాళాలు లేని కణజాలంలో ఆమ్లజని మిల్లీమీటరులో ఒకటి రెండు పదోవంతులకు మించి లోపలికి చేరదు. అందువల్ల మందమైన మాంసఖండాన్ని పెంచడం సాధ్యం కాలేదు. సన్నని పోగులను కూర్చి ఖైమాగా మలచడం రుచిని బట్టి చేసిన ఎంపిక కాదు, జీవశాస్త్రం విధించిన అనివార్యత. రెండవ పరిమితి అంతకంటె ముఖ్యమైనది. ఆ బర్గర్‌లోని కణాలు పెరిగింది గర్భస్థ దూడ సీరంతోనే.

6. సీరం నుండి విముక్తి, దాని మూల్యం:

సీరం లేని యానకం అన్న ఆలోచన కొత్తది కాదు. 1976లో ఇజుమి హయాషి, గోర్డన్ సాటో ఒక ఎలుక కణశ్రేణికి సీరం స్థానంలో హార్మోన్ల మిశ్రమాన్ని ఇచ్చి పెంచగలిగారు. సీరం విడదీయరాని రహస్యద్రవ్యం కాదని, అందులోని క్రియాశీల అంశాలను గుర్తించి విడిగా అందించవచ్చని దీనితో తెలిసింది. అయితే ప్రతి రకపు కణానికీ కావలసిన మిశ్రమం వేరు. కండర మూలకణానికి రెండు భిన్నమైన ఆహారాలు కావాలి. విభజన దశలో దానిని మూలకణంగానే నిలిపి ఉంచే కారకాలు అవసరం. పోగుగా మారవలసిన దశలో వాటిని ఉపసంహరించాలి. ప్రయోగశాలలలో ఈ మార్పును సీరాన్ని తగ్గించడం ద్వారానే సాధించేవారు. సీరమే లేని చోట తగ్గించడానికి ఏమీ ఉండదు.

2022లో ఈ రెండు దశలకూ వేర్వేరుగా పరిష్కారాలు వెలువడ్డాయి. పోస్ట్ స్థాపించిన సంస్థకు చెందిన మెస్మర్ బృందం సీరం ప్రమేయం లేకుండా ఆవు కండర మూలకణాలను పోగులుగా మార్చే యానకాన్ని ప్రచురించింది. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో స్టౌట్ బృందం జన్యుసాంకేతికతతో తయారైన ఆల్బుమిన్‌ను చేర్చి, అవే కణాలను సీరం లేకుండా విభజింపజేయగలిగింది. ఆవును వదిలి సూక్ష్మజీవులనో మొక్కలనో ఆధారం చేసుకుని ప్రోటీన్లను తయారుచేసుకోవడం ఈ పద్ధతుల సారం. దీనితో నైతిక వైరుధ్యం తగ్గింది గాని భారం తొలగిపోలేదు. యానకంలో అత్యంత ఖరీదైనవి ఈ పెరుగుదల కారకాలు, ప్రోటీన్లే. కృత్రిమ మాంసపు ధరను నిర్ణయించే ప్రధానాంశం ఈనాటికీ కణాహారమే.

7. ఆయువు ప్రశ్న: కండర మూలకణం నుండి ఫైబ్రోబ్లాస్టుకు:

ఆహారం సమకూరినా ఆయువు సమస్య మిగిలే ఉంది. పాత్రలో పెరిగే కండర మూలకణాలు విభజన చెందేకొద్దీ పోగులుగా మారే శక్తిని కోల్పోతాయి. గట్టి ప్లాస్టిక్ ఉపరితలమే ఇందుకు ఒక కారణమని, కండరమంత మెత్తదనం గల జెల్ మీద మూలకణ స్వభావం నిలుస్తుందని 2010లో హెలెన్ బ్లావ్ బృందం చూపింది. కణం లోపలి పి-38 అనే సంకేతమార్గాన్ని నిరోధిస్తే ఆవు మూలకణాల స్వభావం ఎక్కువకాలం నిలుస్తుందని 2018లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. 2023లో టఫ్ట్స్ బృందం జన్యుమార్పిడి ద్వారా ఆవు మూలకణాలకు హేఫ్లిక్ పరిమితిని దాటించి, 120కి పైగా రెట్టింపులు సాధించింది. కారెల్ 'అమరత్వం' ఇప్పుడు కణపు సహజగుణంగా గాక, మానవ ప్రమేయంతో కలిగించిన గుణంగా తిరిగివచ్చింది.

పరిశ్రమ మాత్రం మరొక దారిని కూడా ఎంచుకుంది. 2020 డిసెంబరులో సింగపూర్ ప్రభుత్వం ప్రపంచంలోనే మొదటిసారిగా కృత్రిమ మాంసం అమ్మకాన్ని అనుమతించింది. గుడ్ మీట్ పేరుతో వచ్చిన ఆ కోడిమాంసపు తయారీలో అప్పటికి కొద్దిపాటి దూడ సీరం వాడుకలో ఉంది. సీరం లేని యానకానికి 2023 జనవరిలో అక్కడ అనుమతి లభించింది. ఈ సంస్థ అమెరికా ఆహార, ఔషధ సంస్థకు సమర్పించిన వివరాల ప్రకారం అందులోని కణాలు కండర మూలకణాలు కావు, కోడి ఫైబ్రోబ్లాస్టులు. కోడి ఫైబ్రోబ్లాస్టులు కొన్ని పరిస్థితులలో జన్యుమార్పిడి లేకుండానే ఆయుఃపరిమితిని దాటగలవు. అవి వేగంగా, ద్రవంలో తేలుతూ పెరిగేలా మలచడానికి అనువైనవి. ఎబెలింగ్ పాత్రలో చివరికి మిగిలినవీ కోడి ఫైబ్రోబ్లాస్టులే. నూరేళ్ల అన్వేషణ తర్వాత తొలిసారిగా విపణిలోకి వచ్చిన ఉత్పత్తి మౌరో చూపిన కణాన్ని గాక, కారెల్ పెంచిన రకపు కణాన్నే ఆశ్రయించింది. దీనిని కండరం అనవచ్చునా, మాంసం అన్న పదానికి కణరకం ప్రమాణమా లేక రుచి, పోషకాలు ప్రమాణమా అన్న ప్రశ్నలకు ఆహారచట్టాలు ఇంకా ఏకాభిప్రాయంతో సమాధానం చెప్పలేదు. 2023లో అమెరికా ఈ మాంసం అమ్మకాన్ని అనుమతించగా, అదే సంవత్సరం ఇటలీ నిషేధించింది.

8. తెలుగువారి సంబంధం, 'అహింసా మాంసం' అన్న పేరు:

అమెరికాలో 2023 జూన్‌లో అమ్మకపు అనుమతి పొందిన రెండు సంస్థలలో ఒకటి అప్‌సైడ్ ఫుడ్స్. 2015లో మెంఫిస్ మీట్స్ పేరుతో దీనిని స్థాపించినవారిలో ఒకరైన ఉమా వలేటి విజయవాడలో జన్మించి, పుదుచ్చేరిలోని జిప్‌మర్‌లో వైద్యం చదివి, అమెరికాలో హృద్రోగ నిపుణులయ్యారు. బాల్యంలో ఒక పుట్టినరోజు విందులో ముంగిట వేడుకను, పెరట్లో పశువధను ఏకకాలంలో చూసిన అనుభవాన్ని ఆయన ముఖాముఖాలలో పలుమార్లు ప్రస్తావించారు. హృద్రోగులకు మూలకణాలతో చికిత్స చేసే ప్రయోగాల నుండి ఆహారం కోసం కండరాన్ని పెంచే ఆలోచన తనకు కలిగిందని కూడా ఆయన చెప్పారు. గుండెకణాల వర్ధనం నుండి ఆహారం దిశగా ఆలోచన సాగడం ఈ చరిత్రలో ఇది రెండవసారి.

భారతదేశంలో ఈ పరిశోధనకు హైదరాబాదు ముఖ్యకేంద్రమయింది. 2019లో కేంద్ర జీవసాంకేతిక విభాగం ఇక్కడి కణ, అణుజీవశాస్త్ర కేంద్రానికి (సి.సి.ఎమ్.బి.), జాతీయ మాంస పరిశోధన కేంద్రానికి కలిపి సుమారు 4.5 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. కండర మూలకణాల నిద్రాణస్థితిపై జ్యోత్స్నా ధావన్ వంటి శాస్త్రవేత్తలు చేసిన మౌలిక పరిశోధన సి.సి.ఎమ్.బి.లో అంతకుముందే ఉంది. కణజ్ఞానం గల సంస్థ, మాంసవిజ్ఞానం గల సంస్థ ఒకే నగరంలో ఉండడం వల్ల ఈ కలయిక సాధ్యమయింది. ఈ సందర్భంలోనే 'అహింసా మాంసం' అన్న పేరు ప్రచారంలోకి వచ్చింది.

ఈ పేరును చారిత్రకంగా పరీక్షించవలసి ఉంది. 'కృత్రిమ', 'ప్రయోగశాల' అన్న విశేషణాలు మాంసం తయారయ్యే స్థలాన్ని, విధానాన్ని సూచిస్తాయి. 'అహింసా' అన్న విశేషణం నైతిక నిర్ణయాన్ని ప్రకటిస్తుంది. భారతీయ సంప్రదాయంలో అహింస తాను చేయకపోవడంతో ముగిసే భావన కాదు. చేయించడం, ఆమోదించడం కూడా హింసలో భాగాలేనని జైన, యోగ గ్రంథాలు చెబుతాయి. ఈ ప్రమాణంతో చూస్తే, జంతువును చంపకుండా కణాలను తీసుకున్నంత మాత్రాన ఆ పేరు సార్థకం కాదు. ఆ కణాలు దేనిని తిని పెరిగాయన్నది కూడా తేలాలి. సీరంతో పెరిగిన మాంసానికి ఈ పేరు వర్తించదు. సీరం లేని యానకంలో పెరిగిన మాంసానికి ఆ పేరును కోరే అర్హత కలుగుతుంది.

9. ముగింపు:

పై పరిశీలన ఆధారంగా ఈ కింది అంశాలను నిర్ధారించవచ్చు.

1. కృత్రిమ మాంసపు ఊహలు వ్యాపించిన కాలంలో శాస్త్రలోకాన్ని ఏలిన కణ అమరత్వ భావన దోషపూరితమైనది. ఆ ఊహ గడువులోగా ఫలించకపోవడానికి సాంకేతిక జాప్యం ఒక్కటే కారణం కాదు.

2. 1961లో వెలువడిన శాటిలైట్ కణం, హేఫ్లిక్ పరిమితి అన్న రెండు ఆవిష్కరణలు ఈ రంగపు అవకాశాన్ని, అవధిని ఏకకాలంలో నిర్వచించాయి.

3. శోషరసం, ప్లాస్మా, పిండరసం, గర్భస్థ దూడ సీరం అన్న క్రమంలో కణాహారం జంతుశరీరం మీద, అందులో చాలాకాలం వధ మీద ఆధారపడి సాగింది. ఈ ఆధారాన్ని తెంచే యత్నాలు కండర మూలకణాల విషయంలో ఇటీవలనే ఫలిస్తున్నాయి.

4. విపణికి మొదట చేరిన ఉత్పత్తి కండర మూలకణాల నుండి గాక ఫైబ్రోబ్లాస్టుల నుండి తయారవడం, ఆయువు ప్రశ్న ఈనాటికీ పూర్తిగా తీరలేదనడానికి సాక్ష్యం.

5. 'వధలేనిది', 'అహింసా' వంటి విశేషణాలు ఈ మాంసానికి పుట్టుకతో వచ్చినవి కావు. యానకపు కూర్పును బట్టి ప్రతి ఉత్పత్తికీ విడివిడిగా నిర్ణయించవలసినవి. అందువల్ల యానకంలోని పదార్థాలను బహిరంగంగా వెల్లడించడం వ్యాపార రహస్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, ఈ ఉత్పత్తి తన పేరును నిలబెట్టుకోవడానికి అవసరమైన షరతు కూడా.

కణజాల వర్ధన చరిత్రను రాసేటప్పుడు పాత్రలో పెరిగిన కణానికి ఇచ్చినంత ప్రాధాన్యం దాని చుట్టూ ఉన్న ద్రవానికి కూడా ఇవ్వడం అవసరం. వైద్య పరిశోధన, టీకాల తయారీ వంటి ఇతర రంగాలలో సీరం వినియోగ చరిత్రను కూడా ఇదే దృష్టితో పరిశీలించడానికి తెలుగు పరిశోధకులకు అవకాశం ఉంది.